కొబ్బరి చిప్ప గిటార్ పిక్: కడప నుంచి పని డైరీ

గిటార్ తీగలను మీటడానికి వేళ్ల మధ్య పట్టుకునే చిన్న బిళ్లే పిక్. దుకాణంలో దొరికే మామూలు పిక్ సుమారు 30 మి.మీ. పొడవు, 26 మి.మీ. వెడల్పు ఉంటుంది. మొన సన్నగా ఉండే చిన్న రకాన్ని జాజ్ పిక్ అంటారు. అది 25 మి.మీ. పొడవు, 21 మి.మీ. వెడల్పుకు దగ్గరగా ఉంటుంది. నేను కొబ్బరి చిప్పతో చేస్తున్నవి ఈ చిన్న కొలతవి, మందం 1.9 మి.మీ. ఈ అంకెను నేను ముందుగా అనుకోలేదు. చిప్ప వంపు, హాక్సా బ్లేడు మందం కలిసి దాన్ని తేల్చాయి. ఎలాగో మూడో దశలో రాశాను. కడపలోనో, కర్నూలులోనో, అనంతపురంలోనో ఇంకెవరైనా ఈ పని మొదలుపెడితే ఇక్కడ విరిగినవి అక్కడ మళ్లీ విరగకూడదని ఈ డైరీ.

పిక్ చేసి అమ్మడంతో పని పూర్తికాదు. కొన్న మనిషి కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసి "అలాంటిదే ఇంకొకటి కావాలి" అంటే అచ్చం అలాంటిదే ఇవ్వగలగాలి. వేలికి అలవాటైన వస్తువు ఇది. పావు మిల్లీమీటరు తేడా వచ్చినా వాయించేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. అందుకే కింద కొలతలు ఎక్కువ కనిపిస్తాయి.

దశ 1: పక్కన పెట్టిన పదార్థాలు

ముందుగా పాత ఏటీఎం కార్డులు. వాటిని పిక్ ఆకారంలో కత్తిరించే పంచ్‌లు దొరుకుతాయి. ఈ కార్డుల ప్రామాణిక మందం 0.76 మి.మీ. కాబట్టి తీగలన్నీ కలిపి మీటే స్ట్రమ్మింగ్‌కు మందం సరిపోతుంది. కానీ పీవీసీ మెత్తన. ఆరో తీగ మీద చుట్టిన లోహపు పోగు ఆకురాయిలాగా పనిచేసి, రెండు మూడు పాటలు అయ్యేసరికి అంచును నూగులా లేపుతుంది. దీన్ని లేజర్‌తో కోయించాలని ఎవరైనా అనుకుంటే దయచేసి వద్దు. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. అది ఊపిరితిత్తులకూ చేటు, యంత్రానికీ చేటు.

తర్వాత డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్. 1981లో వచ్చిన టార్టెక్స్ అనే రకం పిక్‌లు ఈ జాతి ప్లాస్టిక్‌తో చేసినవే. అంతకుముందు కొన్ని దశాబ్దాల పాటు సెల్యులాయిడ్ అనే పాత ప్లాస్టిక్ నడిచింది. దాని పక్కనే హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు పెంకుతో చేసినవి కూడా నడిచాయి. ఆ తాబేలు వ్యాపారాన్ని ఇప్పుడు అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది, మన వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకోదు. పెంకుకు దగ్గరగా పనిచేసే ప్లాస్టిక్‌గా డెల్రిన్‌కు మంచి పేరు ఉంది. లేత్ షాపులో 30 మి.మీ. రాడ్ మిగులు ముక్క కొని, అక్కడే బిళ్లలుగా కోయించాను. కోసే పనిముట్టు లోపలికి వెళ్లేకొద్దీ కాస్త వంగుతుంది. దాంతో బిళ్ల అంచు దగ్గర 1.41, నడుమ 1.62 మి.మీ. వచ్చింది. ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) వేస్తే డెల్రిన్ నునుపుగా మారదు, నూగు లేస్తుంది. పదునైన బ్లేడును నిలువుగా పట్టుకుని గీరి, ఆ తర్వాత నీటితో సన్నని కాగితం వేస్తే ఆ నూగు పోతుంది. పద్ధతి తెలిసింది కానీ ఆపేశాను. డెల్రిన్ పిక్‌ను ఫ్యాక్టరీ యంత్రం నాకంటే సమంగా, నాకంటే చవకగా చేస్తుంది. అలాంటిది కావాలన్నవాళ్లు దుకాణంలో కొనుక్కోవడమే మేలు.

గేదె కొమ్ము ధ్వని చాలా బాగుంది. వేడినీళ్లలో మెత్తబరిచి, బిగించి చదును చేయవచ్చు. కానీ కొమ్ము పొరలు పొరలుగా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి వేడి 40 డిగ్రీలు దాటి, గాలిలో తేమ తగ్గేసరికి మొన దగ్గర పొరలు విడిపోయాయి. చలికాలంలో అమ్మి వేసవిలో ఫిర్యాదు వినే వస్తువు నాకు వద్దు.

కడపలో ఈ పని చూసిన ప్రతి ఒక్కరూ అడిగే మాట ఒకటి ఉంది: "ఎర్రచందనంతో చేయకూడదా?" శేషాచలం, పాలకొండ, లంకమల కొండలు ఆ చెట్టుకు పుట్టిల్లు. ఆ కలప మీద చట్టం ఎంత గట్టిగా ఉందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కరలేదు. పాత పెట్టె ముక్క అని ఎవరైనా తెచ్చి ఇచ్చినా, కాగితాలు లేకపోతే ముట్టుకోను. వేలిముద్ర అంత పిక్ కోసమైనా అంతే.

చివరికి కొబ్బరి చిప్ప. ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. సరోద్ అనే తీగల వాద్యం వాయించేవాళ్లు 'జవా' అనే మీటు వాడతారు. దాన్ని తరతరాలుగా కొబ్బరి చిప్పతో చేస్తున్నారు. ఉక్కు తీగలను తట్టుకునే గట్టిదనం చిప్పకు ఉందని వాళ్లు ఎప్పుడో నిరూపించారు.

ఖర్చు: మందం కొలిచే డిజిటల్ కాలిపర్ 650, డెల్రిన్ ముక్క 120, లేత్ కూలి 200.
ఇప్పటివరకు మొత్తం: 970 రూపాయలు.

దశ 2: చిప్పను ఎంచుకోవడం, ఆరబెట్టడం

చిప్పలు దేవుని కడప గుడి దగ్గర కొబ్బరికాయల వాళ్ల నుంచీ, టిఫిన్ హోటళ్ల నుంచీ దొరుకుతాయి. ఎవరూ డబ్బు అడగలేదు. కానీ దొరికినదల్లా పనికిరాదు.

మొదటి తంటా తేమ. పచ్చి చిప్పను కోసి 2 మి.మీ.కు చదును చేసిన పిక్, కొన్ని రోజులు గడిచేసరికి మెలి తిరిగింది. బండ మీద పెట్టి ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేచింది. ఆ సందులోకి ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చని రేకుల కట్ట) 0.30 మి.మీ. రేకు సులభంగా దూరింది. అంత మెలి ఉన్న పిక్ తీగను ఒక్కోసారి ఒక్కో కోణంలో తాకుతుంది.

రెండోది కంటికి కనిపించని పగుళ్లు. కాయను రాతికి కొట్టినప్పుడు విరిగిన అంచు నుంచి సన్నని చీలికలు లోపలికి పాకుతాయి. కోసేటప్పుడు కనిపించవు. పిక్ పూర్తయి, తీగ మీద నాలుగు దెబ్బలు పడ్డాక బయటపడతాయి. వాటిని ముందే పట్టుకోవడానికి ఇప్పుడు సిరా వాడుతున్నాను.

ప్రస్తుతం చేస్తున్న వరుస ఇది:

1. కొబ్బరి తీసేశాక లోపలి గోధుమ రంగు పొరనూ, బయటి పీచునూ బ్లేడుతో గీరాలి.
2. చిప్పలను నీడలో, గాలి ఆడేచోట ఉంచాలి. ఎండలో పెడితే పగులుతాయి.
3. వారానికోసారి కంసాలులు వాడే చిన్న తూకం మీద తూచి, బరువును చిప్ప మీదే పెన్సిల్‌తో రాయాలి.
4. వరుసగా రెండు వారాలు బరువు 0.1 గ్రాము కంటే తగ్గకపోతేనే ఆరినట్టు లెక్క.
5. విరిగిన అంచు వెంట నల్ల సిరా రాసి, ఆరాక తడి గుడ్డతో తుడవాలి. చీలిక ఉంటే నల్లని గీత మిగులుతుంది. ఆ గీత ఆగినచోటు నుంచి ఇంకో వేలు వెడల్పు వదిలి కోయాలి.

తూకం ఖర్చు అనవసరం అనిపించవచ్చు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ ఆదా చేసింది అదే. తూకం వచ్చాక మెలి తిరిగిన పిక్ ఒక్కటి కూడా చేతికి రాలేదు.

ఇక వంపు లెక్క. కాయ నడుము చుట్టుకొలత టేపుతో 34.5 సెం.మీ. వస్తే వ్యాసార్థం సుమారు 55 మి.మీ. అలాంటి గుండ్రని చిప్ప నుంచి 30 మి.మీ. పొడవున్న చదును ముక్క తీయాలంటే వంపు ఒక్కటే 2.1 మి.మీ. మందాన్ని తినేస్తుంది. 25 మి.మీ. ముక్కకైతే 1.4 మి.మీ. చాలు. 1.9 మి.మీ. పిక్ కావాలి, అరగదీతకు ఇంకో 0.3 వదలాలి. అంటే పెద్ద పిక్‌కు కనీసం 4.3 మి.మీ. మందపు చిప్ప, చిన్న పిక్‌కు 3.6 మి.మీ. చిప్ప అవసరం. నేను కొలిచిన చిప్పలు ఎక్కువగా 3.2 నుంచి 4.2 మధ్యలో ఉన్నాయి. పెద్ద పిక్‌ల ఆలోచన అక్కడే ముగిసింది. ఇప్పుడు 3.7 కంటే పలుచని చిప్పను ఇంటికి తీసుకురావడం లేదు, కాలిపర్ జేబులో పెట్టుకుని వెళ్లి అక్కడే కొలుస్తున్నాను. మంచి సగం చిప్ప నుంచి మూడు పిక్‌లు, ఒక్కోసారి నాలుగు వస్తాయి.

ఖర్చు: చిన్న తూకం 400.
ఇప్పటివరకు మొత్తం: 1,370 రూపాయలు.

దశ 3: చదును చేయడం

చదునుగా అరగదీయాలంటే చదునైన ఆధారం కావాలి. మన ఊరి పేరు మోసుకుని దేశమంతా తిరిగే రాయి మన ఊళ్లోనే ఉంది. రాళ్ల దుకాణంలో పాలిష్ చేసిన కడప బండ మిగులు ముక్క, ఒక అడుగు పొడవుది, 50 రూపాయలకు ఇచ్చారు. దాని మీద ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి చూశాను. పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఎక్కడా 0.05 మి.మీ. ఫీలర్ రేకు దూరలేదు. పాలిష్ లేని బండ అయితే చాలాచోట్ల దూరింది. కాబట్టి పాలిష్ చేసినదే తీసుకోండి. దాని మీద ఉప్పు కాగితాన్ని నీటితో అంటిస్తే కదలదు.

బండ ఎంత చదునుగా ఉన్నా, పిక్‌ను వేళ్లతో పట్టుకుని రుద్దితే చదును రాదు. వేళ్లు ముందు అంచును ఎక్కువగా నొక్కుతాయి. అలా రుద్దిన ముక్క మొన దగ్గర 1.38, వెనుక 1.87 మి.మీ. వచ్చింది. ముక్కను చెక్క దిమ్మకు రెండు వైపులా జిగురున్న టేపుతో అంటించి రుద్దితే తేడా తగ్గింది, పోలేదు. దిమ్మ కూడా ఒరుగుతుంది.

దీనికి హాక్సా బ్లేడు ముక్కలు దారి చూపాయి. చేతి హాక్సా బ్లేడు మందం నా కాలిపర్‌లో 0.64 మి.మీ. వచ్చింది. మూడు కలిపితే 1.92. వాటి పళ్లను గ్రైండర్ మీద పూర్తిగా తీసేయించాలి, లేకపోతే పళ్ల వంపు వల్ల మందం తప్పు చూపిస్తుంది. అమరిక ఇలా:

1. చెక్క దిమ్మ అడుగున నడిమధ్య చిప్ప ముక్కను టేపుతో అంటించాలి. లోపలి గుంట వైపు దిమ్మకు ఆనాలి, బయటి వంపు వైపు కిందికి ఉండాలి.
2. దిమ్మకు రెండు పక్కలా మూడేసి బ్లేడు ముక్కల దొంతరను అదే టేపుతో అంటించాలి. టేపు ఒకటే అయితే దాని మందం రెండు చోట్లా సమానంగా ఉండి లెక్కలోంచి పోతుంది.
3. బండ మీద 120 నంబరు కాగితంతో రుద్దుతూ, మధ్యమధ్యలో దిమ్మను పావు వంతు తిప్పాలి.
4. బ్లేడుల మీద అంతటా మెరుపు గీతలు పడగానే ఆపాలి. గట్టి ఉక్కు కాగితానికి అంత తేలికగా అరగదు. మందం అక్కడే నిలిచిపోతుంది.

దీంతో ఒక పిక్‌లో మూడు చోట్ల కొలిస్తే తేడా 0.04 మి.మీ. లోపే వస్తోంది. చేతిపనికి ఇది చాలు.

ఇక్కడ ఒక మార్పు చేశాను. మొదట రెండు వైపులా చదును చేసేవాణ్ని. ఇప్పుడు లోపలి వైపు, బొటనవేలు ఆనేచోట, చిప్ప సహజమైన గుంటను వదిలేస్తున్నాను. మొన ఉండే మూడో వంతును మాత్రం రెండు వైపులా చదును చేస్తాను. చెమట పట్టినా పిక్ వేళ్లలో తిరగడం లేదు. పిక్‌కు పట్టు కోసం రంధ్రాలు వేసే పని తప్పింది, చిప్ప మందం కూడా కొంత మిగిలింది. ఈ డైరీలోంచి ఒక్క సంగతి మాత్రమే తీసుకోవాలంటే దీన్ని తీసుకోండి.

కరెంటు డిస్క్ మీద అరగదీయడం గురించి కూడా చెప్పాలి. పని చాలా త్వరగా అవుతుంది. కానీ చిప్ప వేడెక్కి మాడిన వాసన వస్తే ఆ ముక్కను పక్కన పడేయండి. చూడటానికి బాగానే ఉంటుంది, మొన మాత్రం పెళుసెక్కి ముక్కలు రాలుతుంది.

ఖర్చు: కంసాలి రంపం, దాని బ్లేడులు 350, ఉప్పు కాగితాలు 180, టేపు 60, హాక్సా బ్లేడులు 45, బండ 50.
ఇప్పటివరకు మొత్తం: 2,055 రూపాయలు.

దశ 4: మొన, వాలు అంచు

చిప్పలో కాయ కళ్ల నుంచి కింది కొస వైపు సన్నని ముదురు చారలు పారుతాయి. పిక్ గీసేటప్పుడు ఆ చారలు పిక్ పొడవు వెంట, అంటే వెనుక నుంచి మొన వైపు రావాలి. అడ్డంగా వస్తే మొన విరుగుతుంది. రెండు రకాలవీ చేసి అదే గిటార్ మీద, అదే ఆరో తీగను గట్టిగా మీటి చూశాను. చారలు అడ్డంగా ఉన్నవాటికి మొన నుంచి 3, 4 మి.మీ. దూరంలో గీత గీసినట్టు చీలిక వచ్చింది. పొడవు వెంట ఉన్నవి అరిగాయి, విరగలేదు.

మొన గుండ్రదనానికి కొలబద్ద ఇంట్లోనే చేసుకోవచ్చు. రేకు ముక్కలో 5 మి.మీ. రంధ్రం వేసి, దాన్ని సరిగ్గా సగానికి కత్తిరిస్తే 2.5 మి.మీ. వ్యాసార్థపు అర్ధచంద్రం మిగులుతుంది. మొనను అందులో పెట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి. వెలుతురు కనిపించినచోట ఇంకా అరగదీయాలి. 4, 6 మి.మీ. రంధ్రాలతో కూడా ఒక్కొక్కటి చేసి ఉంచుకోండి, తర్వాత అవసరం పడతాయి.

అంచును నిలువుగా వదిలితే 1.9 మి.మీ. మందం తీగకు తట్టుకుని ఆగిపోతుంది. అందుకే వాలు కావాలి. మనిషి పిక్‌ను తీగకు సమాంతరంగా పట్టుకోడు, కొంచెం ఏటవాలుగా పట్టుకుంటాడు. కుడిచేతి వాటం వాళ్లకు మొనకు ఒక వైపు అంచు ముందు తాకుతుంది, ఎడమచేతి వాళ్లకు రెండో వైపు. బాగా వాడిన ఏ పిక్‌నైనా చూడండి, అరుగుదల ఒక పక్కకే ఉంటుంది. ఆ అరుగుదలను ముందే చేసి ఇవ్వడమే వాలు పని. 40 డిగ్రీల కోణంలో కోసిన చెక్క దిమ్మకు పిక్‌ను ఆనించి, 400 నంబరు కాగితం మీద లాగుతున్నాను.

అరుగుదల కొలత: కొత్త పిక్ పొడవును కాలిపర్‌తో చూసి, సుమారు గంటసేపు కొత్త బ్రాంజ్ తీగల మీద వాయించి మళ్లీ చూశాను. నా చేతి బరువుతో వచ్చిన అంకెలు ఇవి, మీకు వేరుగా రావచ్చు.

డెల్రిన్: 0.02 మి.మీ.
కొబ్బరి చిప్ప, చారలు పొడవునా: 0.06 మి.మీ.
ఏటీఎం కార్డు: 0.17 మి.మీ.

అంటే చిప్ప పిక్ ప్లాస్టిక్ కంటే త్వరగా అరుగుతుంది. కొనేవాళ్లకు ఈ మాట డబ్బు తీసుకోకముందే చెబుతున్నాను.

ఈ దశలో కొత్త ఖర్చు లేదు. రేకు, చెక్క ఇంట్లోవే.

దశ 5: నునుపు

చెక్కకు వేసే వార్నిష్ వేస్తే మెరిసింది, కానీ మొన దగ్గర పొట్టులా లేచింది, వేళ్ల మధ్య జారింది. కొబ్బరినూనె ఆరదు. పూసిన పిక్‌లు పెట్టెలో దుమ్మును పట్టుకుని జిగటగా తయారయ్యాయి, కొన్నాళ్లకు ముక్కిపోయిన వాసన కొట్టాయి. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది కాబట్టి దాన్నే ఎంచుకున్నాను. ఒక్క పల్చని పూత వేసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేసి, మూడు రోజులు వదిలేస్తాను.

అవిసె నూనె వాడేవాళ్లు ఒక జాగ్రత్త తప్పక పాటించాలి. ఆ నూనె గుడ్డలను ఉండలుగా చుట్టి మూల పడేస్తే, నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. మన వేసవిలో ఇది ఇంకా ప్రమాదం. గుడ్డను నీళ్లలో ముంచాలి, లేదా ఆరుబయట విప్పి ఆరేయాలి.

కాగితాల వరుస 400, 800, 1500, 2000. 800 నుంచి నీటితో, అదీ కొద్దిగా. ఆ తర్వాత పాత జీన్స్ గుడ్డ మీద రుద్దితే చాలు. చిప్ప పొడి చాలా సన్నన, ముక్కుకు మాస్కు లేకుండా ఈ పని చేయవద్దు.

ఖర్చు: అవిసె నూనె 200, కాగితాలు మళ్లీ 150, మాస్కులు 100.
ఇప్పటివరకు మొత్తం: 2,505 రూపాయలు.

దశ 6: కొనేవాళ్లతో

పోలిక కోసం సరోద్ జవా ఒకటి కొన్నాను. ఫోన్‌లో ఆ పెద్దాయన ధర చెప్పలేదు. ముందు నేను ఏం వాయిస్తానని అడిగారు, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో ఫొటో పంపమన్నారు. తర్వాత రెండు జవాలు పంపి, "నచ్చినది ఉంచుకోండి బాబూ, రెండోది తిరిగి పంపండి, డబ్బు ఒకదానికే" అన్నారు. వాటితో వచ్చిన చీటీ మీద రెండింటి మందం చేత్తో రాసి ఉంది. అంతకుముందు పెద్ద పేరున్న ఒక అంగడిలో నేను కొన్న పిక్‌ల పెట్టెలో సగం తప్పు మందంవి వచ్చినప్పుడు, జవాబు కోసం పంపిన సందేశాలకు దిక్కు లేకపోయింది. చిన్న తయారీదారు ఇవ్వగలిగిన గొప్ప వస్తువు ఏమిటో ఆ చీటీ చూశాక నాకు స్పష్టమైంది. నా పద్ధతిని ఆయన పద్ధతి నుంచే తీసుకున్నాను.

ఆర్డర్ తీసుకోకముందు అడిగేవి:

1. ఏ చేతితో మీటుతారు?
2. ఏ తీగలు, గిటారా, మాండొలినా?
3. ఇప్పుడు వాడుతున్న పిక్ ఏది? గళ్ల కాగితం మీద పెట్టి, పై నుంచి ఫొటో తీసి పంపగలరా?

మూడోది చాలా ఉపయోగపడుతుంది. అరిగిన పిక్ ఫొటో చూస్తే వాళ్ల చేతి వాలు ఎంతో తెలిసిపోతుంది, మాటల్లో ఎవరూ అంత సరిగ్గా చెప్పలేరు.

ప్రతి పిక్‌కూ ఒక చీటీ, నా పుస్తకంలో అదే నకలు. అందులో పిక్ నంబరు, మూడు చోట్ల మందం, బరువు, మొన వ్యాసార్థం, వాలు ఏ వైపు, ఏ చిప్ప నుంచి తీసింది ఉంటాయి. పుస్తకంలో పిక్ చుట్టూ పెన్సిల్ గీసి ఆకారం కూడా ఉంచుతాను. ఇంకో పిక్ అడిగితే ఆ పేజీ తెరిస్తే సరిపోతుంది.

ధర 120 రూపాయలు. అందులో 15 రూపాయలు విడిగా డబ్బాలో పడతాయి. విరిగిన పిక్‌కు బదులు ఇచ్చే ఖర్చు, దాని తపాలా ఖర్చు ఆ డబ్బాలోంచే. ఈ ఏర్పాటు లేకుండా "విరిగితే ఉచితంగా మారుస్తాం" అని రాస్తే మూడో ఫిర్యాదుకే మొహం చాటేయాల్సి వస్తుంది. బదులు ఇచ్చేటప్పుడు అడిగేది ఒక్కటే, విరిగిన ముక్క ఫొటో. నిందించడానికి కాదు, చీలిక ఎటు నడిచిందో చూడటానికి.

ప్యాకింగ్ గురించి. మామూలు కవరులో కొరియర్‌కు ఇచ్చిన ఒక పిక్ చేరలేదు, కవరు మాత్రం చేరింది. మొన కవరును పొడిచి, పిక్ దారిలో జారిపోయింది. ఇప్పుడు రెండు మందపాటి అట్టలను కలిపి, ఒక దానిలో పిక్ ఆకారంలో గాడి కోసి, పిక్‌ను అందులో కూర్చోబెట్టి, చుట్టూ టేపు వేస్తున్నాను. గాడి కోయడానికి పది నిమిషాలు పడుతుంది. పట్టనీ.

ఖర్చు: అట్టలు, టేపు, చీటీల ముద్రణ 240.
ఇప్పటివరకు మొత్తం: 2,745 రూపాయలు.

దశ 7: తిరిగి వచ్చినవి, వాటితో మారినవి

*టకటక శబ్దం.* అనంతపురంలో గిటార్ నేర్పే ఒక మాస్టారు ఫోన్ చేసి, "స్వరం బాగుంది, కానీ ప్రతి దెబ్బకూ ముందు ఒక టక్కు వినిపిస్తోంది" అన్నారు. ఆ పిక్ తెప్పించి భూతద్దంలో చూస్తే, వాలు ముగిసి చదును మొదలయ్యే చోట పదునైన గట్టు ఉంది. తీగ దాని మీద నుంచి జారేటప్పుడు తట్టుకుంటోంది. 800 కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని, ఆ గట్టును గుండ్రంగా తిప్పేసి పంపాను. శబ్దం పోయిందని చెప్పారు. అప్పటి నుంచి ప్రతి పిక్‌కూ ఆ పని చేస్తున్నాను. అంతకుముందు అమ్మిన వాళ్లందరికీ సందేశం పంపి, అలాంటి శబ్దం ఉంటే పిక్ వెనక్కి పంపమన్నాను. ఇద్దరు పంపారు.

*ఎడమచేయి.* కర్నూలులో చర్చి బృందంలో గిటార్ వాయించే ఒక అమ్మాయికి పిక్ గరగరమంటోంది. "అన్నా, నేను ఎడమచేత్తో వాయిస్తాను, దానివల్ల ఏమైనా తేడానా?" అని తనే అడిగింది. తేడా అంతా అదే. పై జాబితాలో మొదటి ప్రశ్న చేరింది ఆ రోజునే. రెండో వైపు వాలుతో కొత్తది పంపి, పాతది అక్కడే బృందంలో కుడిచేతి వాటం వాళ్లకు ఇచ్చేయమన్నాను. రాయలసీమలో గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చిల్లోనే. ఆ అమ్మాయి మాట మీద ఇంకో నలుగురు అడిగారు.

*ఏటవాలు చీలిక.* విరిగిన ఒక పిక్ ఫొటోలో చీలిక సరిగ్గా చార వెంటే నడిచింది. పుస్తకం తీసి చూస్తే, పొడవు వెంట ఉందని రాసుకున్న చార నిజానికి ముప్పై డిగ్రీల దాకా పక్కకు ఒరిగి ఉంది. చిప్ప బయటి వైపు చారలు ఎటు పారుతున్నాయో అరగదీసే ముందు కనిపించదు. ఇప్పుడు ముక్కను ముందు తేలికగా గీరి, చార మీద పెన్సిల్ గీత గీసి, ఆ గీతకు పది డిగ్రీల లోపే ఆకారాన్ని పెడుతున్నాను. దీనివల్ల ఒక చిప్పకు వచ్చే పిక్‌లు నాలుగు నుంచి మూడుకు తగ్గాయి. బదులు పంపే ఖర్చు అంతకంటే ఎక్కువ తగ్గింది.

*లేదని చెప్పినవి.* 0.7 మి.మీ. పలుచని చిప్ప పిక్ కావాలని ఒకరు అడిగారు. అంత పలుచగా చేస్తే వంగదు, విరుగుతుంది. స్ట్రమ్మింగ్‌కు నైలాన్ 0.73 పిక్ కొనుక్కోమని చెప్పాను. ఆయన తర్వాత ఒంటి తీగ వాయించడానికి 1.9ది నా దగ్గరే తీసుకున్నారు.

*మొన అరిగినప్పుడు.* దీన్ని వాయించేవాళ్లే ఇంట్లో చేసుకోవచ్చు. అందుకే ప్రతి అట్టలోనూ 1500 కాగితం ముక్క ఒకటి పెడుతున్నాను, వెనుక ఈ మాటలతో:

1. కాగితాన్ని చదునైన బల్ల మీద పెట్టండి.
2. పిక్‌ను తీగ మీద పట్టుకున్నట్టే పట్టుకుని, అదే వాలులో ఒకే దిశలో లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దవద్దు.
3. మొనను గోటి మీద నెమ్మదిగా జార్చండి. గీరుకోకుండా జారితే చాలు.
4. పొడవు 23 మి.మీ.కు తగ్గితే ఫోన్ చేయండి, చీటీ మీది నంబరు చెప్పండి.

కాగితం ముక్కల ఖర్చు 60.
ఇప్పటివరకు మొత్తం: 2,805 రూపాయలు. డబ్బాలోంచి బదులు పిక్‌లకు వాడింది ఈ లెక్కలో లేదు.

ప్రస్తుతం బల్ల మీద

ప్రొద్దుటూరు నుంచి మాండొలిన్ వాయించే ఒకాయన 2.8 మి.మీ. మందం అడిగారు. జంట తీగలకు అంత మందం సబబే. వంపు లెక్క ప్రకారం దానికి 4.5 మి.మీ. చిప్ప కావాలి. ఇప్పటివరకు కొలిచిన వాటిలో అంత మందం కాయ కళ్ల దగ్గరి గట్టుల మీద మాత్రమే కనిపించింది. అక్కడ చారలు దగ్గరగా, వంకరగా ఉన్నాయి కాబట్టి మొన నిలుస్తుందన్న నమ్మకం లేదు. రెండు దారులు చూస్తున్నాను. ఒకటి, కాస్త పెద్ద కాయల చిప్పలు తెప్పించడం. వాటి వంపు తక్కువ కాబట్టి 4.3 మి.మీ. మందమైనా సరిపోవచ్చు. రెండోది, బొటనవేలి గుంటను పూర్తిగా వదిలేసి, మొన ఒక్కచోటే 2.8 నిలపడం. రెండో పద్ధతిలో ఒక నమూనా 1500 కాగితం దాకా వచ్చింది, ఇంకా తీగ మీద పెట్టలేదు. ఆయనకు సంగతంతా చెప్పాను, నమూనా వాయించి చూసి సరేననే దాకా డబ్బు పంపవద్దన్నాను.